బన్సీలాల్‌పేట బావి: తిరిగొచ్చిన నీళ్లు, తిరిగిరాని చరిత్ర

సికింద్రాబాదు స్టేషన్ నుంచి గాంధీ ఆసుపత్రి వైపు పోయేదారిలో బన్సీలాల్‌పేట వుంది. కొన్నేళ్ల కిందటి దాకా ఈ పేరు చుట్టుపక్కల బస్తీల వాళ్లకు తప్ప బయటివాళ్లకు పెద్దగా తెలియదు. తెలిసినా శ్మశానవాటిక వున్న పేటగా తెలుసు. ఇప్పుడు జనం కెమెరాలు పట్టుకుని వస్తున్నారు. కారణం ఒక బావి.

ఇది మెట్ల బావి. మావైపు దిగుడు బావి అంటాం. దశాబ్దాల తరబడి చెత్తతో, ఇళ్లు కూల్చిన మట్టితో పూడిపోయి, అక్కడ ఒక బావి వున్నదనే సంగతే కనబడకుండా పోయింది. 2021లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ, రాష్ట్ర పురపాలక శాఖ, వాస్తుశిల్పి కల్పనా రమేష్ నడిపే ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ కలిసి దాన్ని తవ్వడం మొదలుపెట్టాయి. వందల లారీల చెత్త బయటికి పోయింది. సుమారు 53 అడుగుల లోతుకు పోయేసరికి అడుగున ఊటలు పడ్డాయి. 22 లక్షల లీటర్ల నీళ్లు నిలిచే బావి అని లెక్క తేల్చారు. పని ఇంకా సాగుతుండగానే, 2022 మార్చి 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దీని ప్రస్తావన వచ్చింది. 2022 డిసెంబర్ 5న అప్పటి పురపాలక శాఖ మంత్రి కె. తారకరామారావు ప్రారంభించారు. పక్కనే సందర్శకుల కోసం ఒక భవనం కట్టారు. చుట్టూ రోడ్లు, గోడలు బాగుచేశారు.

బావి బాగుంది. ఆ మాట ముందే చెప్పాలి. దళిత పత్రికలో రాస్తున్నాం గనక మెచ్చుకోకూడదనే రూలేమీ లేదు. రాతి స్తంభాల మధ్య మెట్లు దిగుతూ పోతే కిందనుంచి చల్లగాలి తగులుతుంది. పైన ఆటోల మోత, కింద నీళ్ల నిశ్శబ్దం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా నుంచి పోయిన మాకు, నిండిన బావిని చూస్తే ముందు వచ్చేది ఆలోచన కాదు, దాహం. మా జిల్లాలో ఇట్లాంటి బావుల్లో చాలా వాటి అడుగున ఇప్పుడు తుమ్మచెట్లు మొలిచి వున్నాయి.

కాబట్టి ఈ పేటకు జనం ఎందుకు వస్తున్నారో అర్థం కానిదేమీ కాదు. మా ప్రశ్న వేరే. ఆ బావి చరిత్ర అని మనకు చెబుతున్నది ఎవరి చరిత్ర?

చెబుతున్న కథ ఇది. బావి పదిహేడో శతాబ్దానిది అని కొందరంటారు. ఆసఫ్ జాహీల కాలానిది అని మరికొందరు. రెండూ కలిపి చెప్పేవాళ్లూ వున్నారు. ఆసఫ్ జాహీల ఏలుబడి మొదలైంది 1724లో గదా అని అడగబుద్ధవుతుంది. అప్పట్లో ఈ చోటు పేరు నాగన్నకుంట. 1933లో సేఠ్ బన్సీలాల్ అనే ధనిక వర్తకుడు, బ్రిటిష్ రెసిడెంట్ టి.హెచ్. కీస్ కలిసి ఈ బావి చుట్టూ వున్న చోటును ఒక నమూనా గ్రామంగా తీర్చిదిద్దారు. దానికి బన్సీలాల్‌పేట అని పేరొచ్చింది. నల్లా నీళ్లు వచ్చాక బావి వాడకం తగ్గి, చివరికి చెత్తకుండీ అయింది. ఇప్పుడు తిరిగి వెలుగులోకి వచ్చింది.

ఈ కథలో ఎవరెవరు వున్నారు? ఒక సేఠు, ఒక రెసిడెంటు, ఒక మంత్రి, ఒక ఆర్కిటెక్టు. నాగన్న ఎవరో ఎవరూ అడగలేదు. ఆయన కుంట మీద సేఠ్ గారి పేరు పడింది, అంతే. బావి అన్నాక తవ్వినవాళ్లుంటారు. తెలుగునాట బావులు, చెరువులు తవ్వి రాళ్లు కొట్టింది ఎక్కువగా వడ్డెరలు. నీళ్లు తోడినవాళ్లుంటారు. తోడటానికి తోలు సంచి కుట్టినవాళ్లుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు తోడనివ్వక దూరంగా నిలబెట్టినవాళ్లూ, నిలబడినవాళ్లూ వుంటారు. ఏ బావికైనా వీళ్లే చరిత్ర. మేము చదివిన కథనాల్లో వీళ్లెవరూ తగల్లేదు.

అనంతపురం వాళ్లకు సికింద్రాబాదుతో ఏం పని అని అడగొచ్చు. పని వుంది, పాతదే. 1800 అక్టోబర్‌లో నిజాము ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకుని బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. ఎందుకు? తన రాజధాని దగ్గర కంపెనీ దించిన సైన్యం ఖర్చు కింద. దత్తమండలాలు అనే పేరు మాకు అట్లా వచ్చింది; రాయలసీమ అనే పేరు 1928 నంద్యాల సభ తర్వాతి మాట. హుస్సేన్‌సాగర్ అవతల గుడారాలు వేసుకున్న ఆ సైన్యం చుట్టూ పెరిగిన వూరికే 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు పెట్టారు. అంటే మా కరువు నేలలో థామస్ మన్రో అనంతపురంలో కూర్చుని వసూలు చేయించిన శిస్తుకూ, సికింద్రాబాదు బారకాసులకూ లెక్క ఒకే చిట్టాలో వుంది.

సైన్యం వస్తే దానితో పనులొస్తాయి. బూట్లు, జీనులు, మాంసం, గడ్డి, వంట, పాకీపని, దొరల ఇళ్లలో చాకిరీ. ఈ పనులు చేయడానికి ఎవరొస్తారు? వూళ్లలో మాలలు, మాదిగలు. కులవృత్తి అని వూరు వాళ్లను ఏ పనికి కట్టేసిందో, కంటోన్మెంటులో అదే పనికి నెల జీతం వచ్చింది. ఇది విముక్తి అని మేము అనడం లేదు. కానీ మేరగింజల కోసం రెడ్డి కళ్లం దగ్గర తువ్వాల పరిచి నిలబడటానికీ, నెలకింత అని చేతిలో తీసుకోవడానికీ తేడా వుంది. ఆ తేడాలోంచే బడి వచ్చింది, సంఘం వచ్చింది. బన్సీలాల్‌పేటకు దగ్గర్లోనే వున్న ఘాస్‌మండీ పేరు చూడండి. గడ్డి మండీ. అటు బోయిగూడ. పల్లకీ మోసిన బోయీల గూడెం. నగరంలో పేర్లు కూడా వూరి పేర్లలాగే కులం చెబుతాయి, కాకపోతే వినేవాళ్లు తక్కువ.

ఇప్పుడు కాసేపు బావి దగ్గరికి, మా సీమ బావి దగ్గరికి పోదాం. ఎందుకంటే సికింద్రాబాదు బావి ముందు నిలబడి మాకు గుర్తొచ్చింది అదే.

కరెంటు మోటార్లు రాకముందు మావైపు సేద్యమంతా కపిల మీదే. బావి ఒడ్డున ఏటవాలు దారి, దాని మీద ఎద్దుల జత ముందుకూ వెనక్కూ నడవడం, మోకు చివర పెద్ద తోలు సంచి నీళ్లతో పైకి రావడం, దాని తోక లాంటి తొండం లోంచి నీళ్లు కాలువలో పడటం. ఆ తోలు ఎవరిది? చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, చర్మం వొలిచి, తంగేడు చెక్కతో నానబెట్టి, కుట్టి ఇచ్చినవాడు మాదిగ. పొలం పారింది ఆ తోలుసంచి నీళ్లతో. ఆ నీళ్లలో ఆసామి చేతులు కడుక్కున్నాడు, దప్పికైతే దోసిలి పట్టి తాగాడు కూడా. తోలు అంటని నీళ్లు ఆ బావిలోంచి వచ్చే దారే లేదు. అయినా ఆ తోలు కుట్టిన మనిషి మెట్లు దిగితే మాత్రం బావి మైలపడింది! మనుధర్మం ఎంత అడ్డగోలుగా వుంటుందో తెలుసుకోవడానికి శాస్త్రాలు చదవనక్కర్లేదు. కపిల బావి చాలు.

తాగేనీళ్ల సంగతి ఇంకా స్పష్టం. వూళ్లో బావి వూరిది. మాలగేరికి, మాదిగగేరికి చెలమలో, దొరువులో, వాగులో తోడుకున్న గుంటలో దొరికినంత. ఎండాకాలం అవి ఎండితే ఆడవాళ్లు ఖాళీ కడవలతో వూరి బావికి ఇంత దూరంలో నిలబడేవాళ్లు. ఎవరో ఒక కాపామె దయతలచి పైనుంచి పోస్తే కడవ నిండుతుంది. కడవకు చేద తగలకుండా పోస్తుంది. సగం కింద పోతుంది. మా అమ్మల తరం దాకా ఇది విన్న కథ కాదు, చేసిన పని. మా ఇళ్లలో మొదట యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం మేము. లైబ్రరీలో బావుల వాస్తుకళ మీద పుస్తకాలు దొరికాయి గానీ, బావికి ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో రాసిన పుస్తకం దొరకలేదు.

చట్టం ఊరికే కూర్చోలేదు, అదీ చెప్పాలి. మేమున్న మద్రాసు రాష్ట్రంలో 1919 తర్వాత కార్మిక శాఖ కమిషనర్ ఆధ్వర్యంలో నిమ్నకులాలకు వేరే బావులు తవ్వించడం మొదలైంది. ఇది మంచిదా, చెడ్డదా? నీళ్లొచ్చాయి గనక మంచిది. వూరి బావి జోలికి పోకుండా ప్రభుత్వమే వేరు బావి తవ్వి అంటరానితనానికి సిమెంటు ఒర పోసింది గనక చెడ్డది. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో తీర్మానం తెచ్చి, ప్రజల దారులు, బావులు, చెరువులు అందరివీ అని ఒప్పించారు. అంతకు ఏడాది ముందే బొంబాయిలో బోలే తీర్మానం వచ్చింది. కాగితం మీది హక్కును కాళ్లతో నడిచి తెచ్చుకోవడానికే అంబేడ్కర్ 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువుకు వేలమందితో పోయి నీళ్లు తాగారు. ఆ దోసెడు నీళ్లు మావే అని కోర్టు చెప్పడానికి 1937 దాకా పట్టింది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు వాడుకోకుండా కులం పేరు మీద ఎవరినీ ఆపరాదని రాజ్యాంగం 15వ అధికరణంలో ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. ప్రపంచంలో ఎన్ని రాజ్యాంగాల్లో బావి అనే మాట వుంటుందో!

రాసినా ఏమైంది? 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లను కమ్మ యువకులు పాడుచేస్తుంటే మున్నంగి సువార్త అడ్డుపడింది. ఎత్తింది ఒక బిందె. మర్నాడు, జూలై 17న, ఆరుగురు చనిపోయారు. తెలుగునేల మీద మన దళిత వుద్యమం కొత్త నడక నేర్చుకుంది ఆ నీటి ఒడ్డునే.

ఇదంతా మనసులో పెట్టుకుని ఇప్పుడు బన్సీలాల్‌పేట కథలోని 1933ను తిరిగి చూడండి. 1932లో పూనా ఒప్పందం. 1933 ఫిబ్రవరిలో గాంధీ పత్రిక హరిజన్ మొదలు. ఆ ఏడాది చివర్లో ఆయన హరిజన యాత్రకు బయలుదేరాడు. దేశమంతా బావుల గురించి, గుళ్ల గురించి వాదన. అదే సంవత్సరం సికింద్రాబాదులో ఒక బావి చుట్టూ నమూనా గ్రామం వెలసింది. ఆ నమూనాలో బావి మెట్లు ఎవరికి తెరిచారు అన్నది ఆ పేట గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న. స్తంభాలెన్ని, రాయి ఎక్కడిది అన్నవి ఆ తర్వాత.

ఆ ప్రశ్న అడగడానికి మనుషులు అప్పుడే, ఆ చుట్టుపక్కలే వున్నారు. ఇదే మమ్మల్ని ఎక్కువ ఆశ్చర్యపరిచింది. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టారు. 1911కు అది మన్యసంఘం అయింది. మేము పంచములం కాదు, ఈ దేశపు మొదటి మనుషులం, ఆదిహిందువులం అన్నారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, పంచమ అనే మాట తీసి ఆదిఆంధ్ర అనిపించారు. అనంతపురం సర్కారు కాగితాల్లో మా తాతల పేర్ల పక్కన ఆదిఆంధ్ర అని పడటానికి మూలం ఒక హైదరాబాదీ. సికింద్రాబాదు వైపు అరిగె రామస్వామి ఘాస్‌మండీలో సునీత బాల సమాజం నడిపారు. జంతుబలులు, జోగిని, తాగుడు వద్దని బస్తీల్లో తిరిగారు. మాల, మాదిగల మధ్య తగువు కూడా అప్పుడే, ఆ సంఘాల్లోనే వచ్చింది, దాచాల్సిన పనిలేదు. ఇవన్నీ లోపలి మనిషిగా చూసి పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే అచ్చువేశారు. ఆ పుస్తకం నిండా సికింద్రాబాదు వీధులే. మన యూనివర్సిటీల చరిత్ర శాఖలు దాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్లీ వేసింది.

ఈశ్వరీబాయి 1918లో పుట్టింది బన్సీలాల్‌పేటకు దగ్గర్లోని చిలకలగూడలో. చదివింది కీస్ బాలికల హైస్కూల్లో. నమూనా గ్రామానికి చేయి వేసిన ఆ రెసిడెంటు పేరు మీది బడి అది. అక్కడ చదివిన దళిత ఆడపిల్ల తర్వాత టీచరైంది, సికింద్రాబాదు పురపాలక సంఘానికి గెలిచింది, రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డి నుంచి 1967లో, 1972లో శాసనసభకు పోయి ముఖ్యమంత్రులను నిలదీసింది. కీస్ పేరు బావి కథలో నిలిచింది. అంతకన్నా పెద్ద కథ ఈశ్వరీబాయిది గదా! బావి పక్కన కట్టిన భవనంలో ఒక గోడ ఈ మనుషులకు ఇస్తే సందర్శకులకు ఏం నష్టం? పేటను చూడటానికి వచ్చినవాడికి ఇంకో రెండు వీధులు నడిచే కారణం దొరుకుతుంది.

నల్లా గురించి ఒక మాట. బావులు పాడుబడటాన్ని గురించి రాసేవాళ్లందరూ నల్లాను దోషిని చేస్తారు. పూర్వీకుల జ్ఞానం పోయింది, నీటి సంస్కృతి పోయింది అంటారు. మాకు ఆ దుఃఖం అంతగా పట్టదు. హైదరాబాదుకు 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. పైపు నీళ్లు బస్తీ దాకా వచ్చిననాడు ఒక పాత అధికారం తెగిపోయింది. పైపుకు కులం తెలియదు, తిప్పితే వస్తుంది. మావైపు 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీళ్లిచ్చింది. గేరి ముందు కొళాయి పడ్డనాడు ఆడవాళ్లు మొదట చూసుకున్నది నీళ్లు తీపా, ఉప్పా అని కాదు, ఇక పోయించుకోనక్కర్లేదని. కొళాయి దగ్గర కూడా వరస తగాదాలు వచ్చాయి, మా బిందె వెనక్కి నెట్టిన చోట్లున్నాయి. అయినా బావికీ దానికీ పోలిక లేదు. కాబట్టి బావి పూడిపోయిందంటే దళితులు కన్నీళ్లు పెట్టుకోవాలని ఎవరూ ఎదురుచూడొద్దు.

అట్లాగని బావులు పూడిపోనీ అనీ మేము అనలేం. బోరుబావుల మీద బోరుబావులు వేసి మా సీమలో నేల లోపలంతా జల్లెడ చేశాం. బోరు ఎవరు వేయగలరు? అప్పు పుట్టేవాడు. పెద్దరైతు ఇంకో వంద అడుగులు లోతుకు పోతే పక్కనున్న ఎకరా దళిత రైతు బోరు గాలి కక్కుతుంది. అంటరానితనం అక్కర్లేకుండానే నీళ్లు చేయి మారిపోతున్నాయి. వాన నీటిని పట్టి నేలలోకి దింపే బావి తిరిగి రావడం అందుకని మాకు అవసరమే. బన్సీలాల్‌పేటలో చేసింది ఆ లెక్కన మంచిపని. చుట్టూ కాంక్రీటు పరిచిన నగరంలో వాననీరు దిగడానికి ఒక చోటు దొరికింది.

అయితే పేట పేరు పెరిగితే నేల ధర పెరుగుతుంది. ఇది అన్ని దేశాల్లోనూ జరిగిందే. పాత వీధిని ముస్తాబు చేస్తారు, కాఫీ దుకాణాలు వస్తాయి, కిరాయిలు పెరుగుతాయి, అక్కడే పుట్టిపెరిగిన కూలోళ్లు వూరి చివరికి పోతారు. న్యూయార్కు హార్లెమ్‌లో నల్లవాళ్ల పాటనూ, కవితనూ చూపించి ఇళ్ల ధరలు పెంచారు. కిరాయి కట్టలేని నల్లవాళ్లు చాలామంది ఖాళీ చేశారు. బన్సీలాల్‌పేట చుట్టుపక్కల ఒకటి రెండు గదుల ఇళ్లలో వుండే పారిశుధ్య కార్మికులు, ఆసుపత్రి ఆయాలు, ఆటోవాళ్లు ఇంకో పదేళ్లకు అక్కడే వుంటారా అన్నది బావి ఎంత శుభ్రంగా వుంది అనే ప్రశ్నకు తక్కువదేమీ కాదు. ఇళ్ల పట్టాలు ఎవరి పేరు మీద వున్నాయో, కిరాయిలు 2022 తర్వాత ఎంత పెరిగాయో లెక్క తీయడం చరిత్ర విద్యార్థి పని కాదని ఎవరైనా అంటే వినొద్దు.

మా జిల్లాలోనూ ఇప్పుడు ఈ గాలి వీస్తోంది. పాతబావులు బాగుచేద్దాం, పాత కోటల్లో దీపాలు పెడదాం అనే మాటలు వినబడుతున్నాయి. గుత్తి కోట మీద బావులున్నాయి. అనంతపురం చెరువే పద్నాలుగో శతాబ్దపు విజయనగర కాలానిది; దాని రెండు కొసల్లో బుక్కరాయసముద్రం, అనంతసాగరం అని వూళ్లు వెలిశాయి, పట్టణానికి పేరు అక్కడినుంచే. వీటిని బాగుచేస్తామని ఎవరైనా వస్తే మనం వద్దనకూడదు. ఊరికే చప్పట్లు కొట్టి రాకూడదు కూడా. వూరి బావికి పూడిక తీసే డబ్బు వస్తే గేరి బావికీ వస్తుందా? కార్మిక శాఖ వాళ్లు తవ్వించిన ఆదిఆంధ్ర బావి వారసత్వ సంపద కిందికి వస్తుందా, రాదా? రాతి స్తంభాలు లేవు, శాసనం లేదు, పొట్టి సిమెంటు ఒర మాత్రమే వుంది గనక రాదంటారా?

ఈ సెలవుల్లో వూళ్లకు పోయే విద్యార్థులు, టీచర్లు ఒక పని చేయాలని అడుగుతున్నాం. మీ వూళ్లో ఎన్ని బావులు, ఏది ఎవరిది, ఎవరు తవ్వారు, కపిల సంచి ఎవరు కుట్టారు, ఏ ఏడు ఎండిపోయింది, మొదటి కొళాయి ఎక్కడ పడింది అని ముసలివాళ్లను అడిగి రాసుకు రండి. మీ అవ్వను బావి దగ్గరికి తీసుకుపోగలిగితే, అప్పట్లో తను కడవ పెట్టుకుని నిలబడిన చోటు చూపించమనండి. అక్కడినుంచి బావి ఒర దాకా టేపు పెట్టి కొలవండి. కొలత రాసి మాకు పంపండి.